మంచు తిన్న చెవులు

"…మొన్న కోసింది నాది, అంతకు ముందుదీ నాదే, సాన్ హువాన్ పండక్కి కోసిందీ నాదే. మూడూ పంగచెవులే. నీ మందలోంచి ఒక్కదాన్ని కోసి ఎన్నాళ్లయిందో నువ్వే చెప్పు ఫెర్మినా."

"నావన్నీ చూడివి. చూడిగొర్రెని కోసుకు తినమంటావా?"

"అన్నీనా? పొట్టేళ్లు కూడా నిండు చూలాళ్లేనా నీ మందలో?"

"నా పొట్టేళ్లు బక్కవి. కోస్తే కత్తికి కొవ్వు కూడా అంటదు. నీవే పెళ్లికొడుకుల్లా బలిశాయి."

"బలవాలనే మేపాను. రైలుకట్ట దాకా పోవాలి అవి. ఎముకల గూళ్లని తోలుకుపోతే మా అక్క నవ్వదూ?"

"అయితే తోలుకుపో. చలి విడిచిందాకా ఎందుకు, ఇవాళే పో. మీ అక్క పిలిచింది కదా, లోకమంతా వినేట్టు."

"లోకానికి చెప్పింది నేను కాదు, రేడియో."

రొసెందో పయినెఫిల్ వసారాలోని కొక్కెం వైపు చూశాడు. మాంసం వేలాడదీసే ఆ కొక్కెం ఖాళీగా ఊగుతూ గోడకి తగిలి టిక్కు టిక్కుమంటోంది. ఫెర్మినా అంతెమిల్ చేతులకంటిన పిండి దులుపుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆ పూట ఎవరి గొర్రెనీ ఎవరూ కొయ్యలేదు.

రేడియో సంగతి ఇది. మెట్ట మీది ఇళ్లకి టెలిఫోన్లు లేవు. రోజూ మధ్యాహ్నం పట్నం రేడియో ఆ ఇళ్లకొచ్చిన కబుర్లు చదువుతుంది. ఆస్పత్రిలో ఉన్నవాళ్లు కులాసాగా ఉన్నారనీ, ఫలానావాళ్లకి ఆడపిల్ల పుట్టిందనీ, ఫలానా రోజున దారిలో గుర్రం పట్టుకుని నిలబడమనీ. ఎవరి కబురైనా అందరూ వింటారు. పోయిన వారం చదివిన కబుర్లలో ఒకటి: "ఫెర్మినా అంతెమిల్ ఇంట్లో ఉంటున్న రొసెందో పయినెఫిల్‌కి వాళ్లక్క చెప్పేది. రైలుకట్ట పక్కన మేతబీడు ఖాళీ అయింది. గది కూడా ఉంది. చలి విడిచాక గొర్రెల్ని తోలుకుని వచ్చెయ్."

పంతొమ్మిదేళ్ల తర్వాత కూడా అతను ఫెర్మినా ఇంట్లో "ఉంటున్న" మనిషే. అక్క చెప్పిన దాంట్లో తప్పేమీ లేదు.

ఇల్లు ఫెర్మినాది. తాత కట్టిన రెండు గదుల మట్టిల్లు. గాలికి లేచిపోకుండా రేకుల కప్పు మీద రాళ్లు పేర్చి ఉంటాయి. తలుపు లోపలికి తెరుచుకుంటుంది. కట్టినప్పుడు ఇరుగుపొరుగు నవ్వారట, గుమ్మంలో అంత చోటు వృథా ఏమిటని. మొదటి పెద్దమంచు పడ్డ ఏడు, బయటికి తెరుచుకునే తలుపులున్నవాళ్లు కిటికీల్లోంచి దూరి బయటపడ్డారు. ఆ తర్వాత మెట్ట మీద ఎవరు ఇల్లు కట్టినా తలుపు లోపలికే తెరిపించారు.

ఆ ఇంట్లోనే ఆమె పుట్టింది. ముగ్గురన్నలూ ఆపిల్ తోటల్లో పనికని నదిలోయకి వెళ్లిపోయారు. నాయనమ్మని చూసుకోవాలని ఫెర్మినా ఉండిపోయింది. నాయనమ్మ పోయాక మందని చూసుకోవాలని ఉండిపోయింది. తొమ్మిదేళ్లప్పుడు నాయనమ్మ ఒక ఆడ గొర్రెపిల్లని ఆమె ఒళ్లో పెట్టి దాని కుడిచెవి కొస కత్తితో తెగ్గోసి ఆ ముక్కని ఆమె గుప్పిట్లో ఉంచింది. "ఇది నీది. ఇది ఈనినవన్నీ నీవి. మగాడొచ్చినా, పోయినా, నీవే." ఆ కొసకోత నాయనమ్మకి వాళ్లమ్మ ఇచ్చింది. ఈ ఇళ్లలో మొగుడూ పెళ్లాం ఒక కుండలో వండుకుంటారు, ఒక దుప్పటి కప్పుకుంటారు, గొర్రెల చెవులు మాత్రం ఎవరివి వాళ్లవే. ఏటా పిల్లలకి గుర్తులు వేసే రోజున కోసిన చెవి ముక్కలన్నీ కంబళి మీద పోగేసి, చూసుకుని, దొడ్డి మూల గొయ్యి తీసి పాతిపెడతారు.

రొసెందో ఉన్ని కత్తిరించే ముఠాతో వచ్చాడు. లారీ ముఠానెక్కించుకుని వెళ్లేటప్పుడు అతనికి నడుం పట్టేసింది. వారం ఆగి వస్తానన్నాడు. ముఠా మళ్లీ ఏడాది ఉన్ని కోతకి వచ్చేసరికి అతను ఇదే దొడ్డి బాగుచేస్తూ కనిపించాడు. ఉండమని ఫెర్మినా అడగలేదు, ఉండనా అని అతనూ అడగలేదు. కూలికింద వచ్చిన గొర్రెల్ని తెచ్చుకుని వాళ్ల నాన్న గుర్తు వేసుకున్నాడు: కుడిచెవి కొసని రెండు పాయలుగా చీల్చే పంగకోత. వాటిని మందలో కలిపాడు. మేత కలిసే, నీళ్లు కలిసే. కోతకి మాత్రం వంతులు.

అతనికి ఉన్ని తెలుసు. కళ్లు మూసుకుని పోచ ముట్టుకుంటే అది వీపుదో, పొట్టదో, తొడదో చెప్పగలడు. ఆమెకి మొహాలు తెలుసు. గొర్రెలన్నీ ఒకేలా ఉంటాయి కదా అని ఎవరైనా అంటే ఆమెకి అర్థం కాదు. మనుషులు మాత్రం ఒకేలా ఉండరా, అంటుంది.

వంతు గొడవైన ఆ సాయంత్రం అతను గుర్రమెక్కి మందలోంచి పంగచెవుల్ని వేరు చేసి కింది బీడులోకి తోలడం ఆమె వాకిట్లోంచి చూసింది. వెళ్లేవాడు ముందునుంచే వేరు చేసుకుంటున్నాడు, సరే అనుకుంది. ఇంకోటి కూడా చూసింది. గుట్ట మీది గ్వనాకోలు, ఆ అడవి ఒంటెలు, వరసకట్టి పల్లానికి దిగుతున్నాయి. పొయ్యి గొట్టంలోంచి పొగ పైకి లేవకుండా కప్పు మీదే పడుకుంటోంది. ఆమె పార తెచ్చి తలుపు వెనకాల నిలబెట్టింది. కంపమోపులు వసారాలోకి చేర్చింది. కోళ్లని బుట్టలో పెట్టి లోపలికి తెచ్చింది.

పార లోపల పెట్టుకోవడం మెట్ట మీద పసిపిల్లలకి కూడా తెలుసు. పక్కింట్లో ఎవరిస్తో అని ఒకతను ఉన్నాడు, వాళ్ల నాన్న ఒకసారి మర్చిపోయి, తలుపు ముందు మేటవేసిన మంచుని రొట్టెలు వేయించే మూకుడుతో తవ్వుకుంటూ బయటికొచ్చాడు. ఆయన పోయి ఇరవై ఏళ్లయింది. కొడుకుని ఇప్పటికీ మూకుడు ఎవరిస్తో అనే అంటారు. పక్కిల్లంటే గుర్రం మీద సగం పూట దారి.

తెల్లారేసరికి మంచు మొదలైంది. రేకల్లా రాలే మంచు కాదు, పిండి. దక్షిణపు గాలి దాన్ని నేలకి అడ్డంగా విసురుతోంది. రొసెందో తలుపు తీసి రెండడుగులు వేసి, మొహం తుడుచుకుంటూ వెనక్కొచ్చాడు.

"దొడ్డి కనపట్టం లేదు," అన్నాడు.

"నిన్న కనపడింది కదా. అక్కడే ఉంటుందిలే."

మొదటి రోజంతా చేతిపనులే. అతను గుర్రపు పగ్గాలకి నూనె రాశాడు. ఆమె ఉన్ని వడికింది. సాయంత్రానికి కిటికీ కింది సగం తెల్లబడింది, మర్నాటికి పై సగం కూడా. అప్పటినుంచి ఇంట్లో పగలూ రాత్రీ పొయ్యి వెలుతురే. గొట్టం పూడుకుపోయి పొగ లోపలికి తన్నినప్పుడల్లా రొసెందో బల్లమీదెక్కి గొట్టాన్ని కర్రతో కొట్టేవాడు. పైన మంచు గడ్డ జారిన చప్పుడు, తర్వాత మంట గుప్పుమనడం. నీళ్లకి బాధే లేదు. తలుపు తీసి గోడలా నిలబడ్డ మంచులోంచి బిందెతో తోడుకోవడమే. కాచిన మంచునీళ్లకి రుచి ఉండదని ఫెర్మినా వాటిలో చిటికెడు ఉప్పు వేసేది. టీలా తాగే మాతే ఆకు మాత్రం సరిపడా ఉంది. ఎండిన సొరబుర్రలో ఆకు పోసి వేణ్ణీళ్లు పోసి, గొట్టంతో ఆమె పీల్చి అతనికిచ్చేది, అతను పీల్చి ఆమెకిచ్చేవాడు. గొడవలున్నా లేకపోయినా బుర్ర ఒక్కటే.

మాంసమే లేదు. పెద్దమంచుకి ముందు రోజు కొక్కేనికి గొర్రె లేని ఇల్లు మెట్ట మొత్తం మీద ఇదొక్కటే అయ్యుంటుంది. కొవ్వులో వేయించిన రొట్టెలు తిన్నారు. పేలపిండి వేణ్ణీళ్లలో కలుపుకు తిన్నారు. మూడో రోజు ఫెర్మినా బుట్టలోంచి గుడ్లు మానేసిన కోడిని తీసి మెడ తిప్పింది.

"ఇది ఎవరి వంతు?" అన్నాడు రొసెందో.

"కోడికి చెవుల్లేవు. తిను."

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు గాని, మెడముక్క అతనికిష్టమని అతని పళ్లెంలోనే వేసింది.

తిన్నాక అతను నడుముకి తాడు కట్టుకుని గుర్రాల పాకకి బయల్దేరాడు. తాడు రెండో కొస ఆమె పట్టుకుని గుమ్మంలో నిలబడింది. పాక ఇంటికి రాయి విసిరేంత దూరమే. తాడు మెల్లగా సాగి, ఆగి, మళ్లీ సాగింది. ఆ తర్వాత చాలాసేపు కదల్లేదు. ఆమె ఒకసారి లాగింది. అటునుంచి ఒకసారి లాగాడు. అదీ లెక్క: ఒకటంటే ఉన్నాననీ, రెండంటే వస్తున్నాననీ. మంచు ఆమె పాదాల మీద పోగవుతోంది. కాసేపటికి రెండుసార్లు లాగాడు.

లోపలికొచ్చి కనుబొమల మీది మంచు కరిగేదాకా పొయ్యి ముందు కూర్చున్నాడు. గుర్రాలు బాగానే ఉన్నాయన్నాడు. గంటకట్టిన ఆడగుర్రం తోర్దియా కూడా పాకలోనే ఉంది. తర్వాత మంటలోకి చూస్తూ అన్నాడు.

"ఆ సాయంత్రం కింది బీడు గేటు కట్టేసొచ్చాను, ఫెర్మినా."

ఆమె రొట్టెల పిండి పిసుకుతోంది.

"ఏ గేటు?"

"వంక వైపుది. నావి మళ్లీ నీవాటిల్లో కలిసిపోతాయని. తీగె రెండు చుట్లు చుట్టి కట్టాను."

చలికాలంలో మెట్ట మీద ఏ గేటూ మూసి ఉండదు. చలి మొదలయ్యే మే నెలలోనే తెరిచి, గాలికి పడిపోకుండా తీగెతో వెనక్కి కట్టేస్తారు. మంచుగాలి వస్తే గొర్రె దానికి వీపు తిప్పి నడుస్తుంది. దారి ఉంటే వంకలోకి దిగి బండల చాటున ఆగుతుంది. కంచె అడ్డమొస్తే కంచె దగ్గరే ఆగుతుంది. వెనకవి ముందువాటి మీదికొస్తాయి. మంచు అన్నింటి మీదికీ వస్తుంది. ఇది ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేని విషయం.

ఆమె పిండిముద్దని తిరగేసి గుడ్డ కప్పింది.

"ఉప్పు డబ్బా అందుకో," అంది.

నాలుగో రోజు గాలి తగ్గింది. రేడియోలో బ్యాటరీలు నీరసించి గొంతు పీలగా వస్తోంది. ఆ రోజు కబుర్లకి బదులు ఇళ్ల పేర్లు చదివారు. ఏ ఇళ్ల నుంచి సమాచారం లేదో ఆ ఇళ్లవి. బతికున్నవాళ్లు ఆకాశం తెరిపిస్తే పచ్చికంప వేసి నల్లపొగ పెట్టాలట, విమానం చూస్తుందట. పేర్ల మధ్యలో "అంతెమిల్, పయినెఫిల్ కుటుంబం" అని కూడా వచ్చింది.

"మనమే," అన్నాడు రొసెందో.

ఫెర్మినా బ్యాటరీలు అయిపోతాయని రేడియో కట్టేసింది.

అయిదో రోజు తలుపు తీసి పారతో పైకి మెట్లు తవ్వుకుంటూ బయటికొచ్చారు. ఎండకి కళ్లు తెరవలేకపోయారు. కాల్చిన కట్టె బొగ్గు కళ్ల కింద పూసుకున్నారు. కంచె గుంజలు ఎక్కడా కనపడలేదు. గుర్రాలతో పాకలో తలదాచుకున్న కుక్క దొడ్డి గోడ మీది నుంచే నడిచి వచ్చింది. ఫెర్మినా పచ్చికంప తగలేసి పొగ పెట్టింది. రొసెందో గుర్రాల్ని బయటికి తీశాడు.

మంచులో దారి మనిషి వెయ్యలేడు, గుర్రాలు వెయ్యాలి. తోర్దియాని ముందు నడిపించి, మిగతావాటిని దాని గంట వెనకాల తోలితే, తొక్కిన మేరకి దారి పడుతుంది. ఆ దారినే తర్వాత గొర్రెల్ని తోలుకు రావచ్చు. కానీ పైన మంచు గట్టిపడి పెంకు కట్టింది. అడుగు దిగినప్పుడల్లా ఆ పెంకు గాజులా గుర్రం కాళ్లని కోస్తుంది. రొసెందో గోనెలు చింపి తోర్దియా కాళ్లకి చుట్టాడు. వంకకి సగం దారిలోనే గోనెలు ఎర్రబడ్డాయి. అతను దాని మెడ మీద చెయ్యి వేసి ఏదో చెబుతూ నడిపించాడు. వెనక్కి మాత్రం తిప్పలేదు.

"ముందు వంకకి పోదాం. నీవి అక్కడుంటాయి," అన్నాడు.

"నీవి?"

"గేటు దగ్గర ఏం మిగులుతాయి? ముందు నీవి."

వంకలో బండల చాటున ఆమె గొర్రెలు సగానికి పైగా నిలబడే ఉన్నాయి. ఒకదాని వీపు మీది ఉన్ని ఒకటి పీక్కు తినేశాయి. కొన్ని కూర్చున్నచోటే బిగుసుకుపోయాయి. ఆమె ఒక్కొక్కదాని మొహమూ చూసుకుంటూ వెళ్లింది. లేవనివాటిని ఇద్దరూ పట్టుకుని నిలబెట్టి, పక్కలు రుద్ది, దారిలోకి నెట్టారు.

కింది బీడుకి చేరేసరికి పొద్దు వాలుతోంది. గేటు దగ్గర మంచు గుంజల కన్నా ఎత్తున మేటవేసింది. కుక్క ఒకచోట ఆగి మూతి దించింది. మంచులో గుప్పెడంత బెజ్జం, దాని అంచు పసుపుపచ్చగా. లోపల ఊపిరి ఉంటేనే అలా ఉంటుంది. రొసెందో తవ్వాడు. పార తగిలినవి మొదట చచ్చినవే. తీగెకి ఆనుకుని, ఒకదాని మీద ఒకటి, నిలబడ్డట్టే ఉన్నాయి. పెళ్లికొడుకుల్లా బలిసిన పొట్టేళ్లన్నీ అక్కడే ఉన్నాయి. వాటికి అవతల, మూలగుంజ పక్కనున్న కంపపొద చుట్టూ ఊపిరి వేడికి మంచు కరిగి చిన్న గుహలా అయింది. అందులో పది పన్నెండు ఆడగొర్రెలు తడిసి, చెవులు గడ్డకట్టి, కళ్లు తెరుచుకుని నిలబడి ఉన్నాయి. వెలుతురు పడగానే ఒకటి అరిచింది.

వాటిని బయటికి లాగాక రొసెందో మళ్లీ గేటు దగ్గరికి వెళ్లాడు. పారతో తవ్వి, వేళ్లతో తీగె రెండు చుట్లూ విప్పాడు. గేటు మంచులో కూరుకుని కదల్లేదు. తీగెని చుట్ట చుట్టి జేబులో వేసుకున్నాడు. ఫెర్మినా బతికినవాటిని దారిలోకి మళ్లిస్తోంది. అది చూసింది.

తర్వాతి రోజులన్నీ తోళ్లు తియ్యడంతో గడిచాయి. చచ్చిన గొర్రె తోలుకి చెవులు ఉంచాలి, లేకపోతే ఎవరూ కొనరు, దొంగసరుకు అంటారు. పంగచెవుల తోళ్లు తీగె మీద ఒక వరస, కొసకోత తోళ్లు ఒక వరస. మొదటి వరస పొడుగు. కొక్కేనికి మాంసం ఎక్కింది. వంతుల మాట ఎవరూ ఎత్తలేదు. సాయంత్రాలు రొసెందో తోర్దియా కాళ్లకి కొవ్వు రాసి గుడ్డలు కట్టేవాడు. అది అతని భుజం మీద మూతి ఆనించి నిలబడేది.

బతికిన గొర్రెల చెవులు ముందు వాచాయి, తర్వాత నల్లబడ్డాయి. గడ్డకట్టిన చెవి వెంటనే ఊడదు. తోలులా ఎండి, ముడుచుకుని, ఏదో ఒక రోజు తల విదిలించినప్పుడు రాలిపోతుంది. మంచు కరిగి దొడ్డి నేల బయటపడే వేళకి ఒక్కొక్కటే రాలడం మొదలైంది. ఫెర్మినా పెంట ఊడుస్తుంటే ఎండుటాకుల్లాంటి ముక్కలు చీపురుకి తగిలేవి. కొన్ని ఊరికే అంచులు. కొన్నింటికి రెండు పాయలు. ఆమె వాటిని ఏరి నడుముగుడ్డ జేబులో వేసుకునేది. ఒక పొద్దున దొడ్డి మూల, ఏటా చెవి ముక్కలు పాతే చోట, చిన్న గొయ్యి తీసి జేబు దులిపి మన్ను కప్పింది. రొసెందో అప్పుడు పాకలో ఉన్నాడు.

ఆ వారమే మూకుడు ఎవరిస్తో వచ్చాడు. మంచు తర్వాత ఇంటింటికీ వెళ్లి ఎవరున్నారో ఎవరు లేరో చూసిరావడం అతని అలవాటు. గుర్రం దిగుతూనే అరిచాడు.

"బతికే ఉన్నారా కుటుంబం? రేడియోలో విన్నాం మీ కాపురం సంగతి. మా ఆవిడ అడగమంది, శుభలేఖ ఎప్పుడు వేస్తారని."

"మూకుడు తెచ్చావా? రొట్టెలు వేయిద్దువుగాని," అంది ఫెర్మినా.

"మంచు తవ్వీ తవ్వీ అరిగిపోయింది తల్లీ."

దొడ్డి గోడకి ఆనుకుని మాతే తాగుతూ మందని చూశాడు. చూస్తూ చూస్తూ బుర్ర రొసెందోకి ఇవ్వబోయి ఆగాడు.

"ఒరే రొసెందో, నీవి ఒక్కటీ మిగల్లేదట్రా? అన్నీ కొసకోతలే కనపడుతున్నాయి."

రొసెందో గోడ మీదికి వంగి చూశాడు. పంగ ఉండే మేర చెవి లేదు. పాయలు రెండూ రాలిపోయి, మొండిగా, సాపుగా, నాయనమ్మ కత్తితో కోసినట్టే ఉన్నాయి. ఆమె గొర్రెల చెవులు ముందే మొండివి, ఇంకాస్త మొండివయ్యాయి, అంతే. 

"నావి మిగిలాయి. ఇందులోనే ఉన్నాయి," అన్నాడు.

"ఏవి?"

రొసెందో అతని చేతిలోంచి బుర్ర అందుకుని గొట్టం నోట్లో పెట్టుకున్నాడు. ఎవరిస్తో ఇద్దరి మొహాలూ చూసి పకపకా నవ్వాడు.

"చలి కూడా ఫెర్మినా పార్టీయే! అదృష్టమంటే నీది తల్లీ. ఎవడికి చూపించినా ఇవి నీవే అంటాడు."

"నీళ్లు చల్లారాయి, వేడి చేసుకొస్తా," అని ఫెర్మినా లోపలికి వెళ్లింది.

సెప్టెంబరులో దారి తెరుచుకుంది. రేడియోలో మళ్లీ అక్క కబురు వచ్చింది. "ఫెర్మినా అంతెమిల్ ఇంట్లో ఉంటున్న రొసెందో పయినెఫిల్‌కి. మంచు సంగతి విన్నాం. ఎన్ని మిగిలితే అన్నే తీసుకురా. వచ్చే వారం లారీ అటు వస్తోంది, నిన్నూ గొర్రెల్నీ ఎక్కించుకుంటుంది." ఇద్దరూ తింటూ విన్నారు. రొసెందో పళ్లెం రొట్టెతో తుడుచుకుని, లేచి, సానరాయి వెతుక్కున్నాడు.

మర్నాడు పొద్దున దొడ్డిలో అతను గోడ పక్కన నిలబడ్డాడు.

"ఫెర్మినా. ఏవి నావో చెప్పు."

ఆమె మంద వైపు చూసింది. మంద మూలకి జరిగి, వచ్చినవాళ్లని చూస్తోంది. తెలియదు అంటే సరిపోయేది. అతనికి ఉన్ని తెలుసుగాని, ఒకదాని ఉన్ని ఒకటి తినేసిన మందలో ఉన్ని కూడా ఏమీ చెప్పదు.

ఆమె చిన్నదొడ్డి తడిక తీసి మందలోకి నడిచింది. గడ్డం కింద చెయ్యి పెట్టి ఒకదాన్ని ఇవతలికి నెట్టింది. "ఇది." నాలుగు అడుగులు వేసి ఇంకోదాన్ని. "ఇది. కుంటిదాని కూతురు." మళ్లీ ఇంకోటి. ఎక్కడా తడుముకోలేదు, వెనక్కి తిరిగి సరిచూసుకోలేదు. రొసెందో తడిక పట్టుకుని ఒక్కొక్కదాన్నీ లోపలికి వదిలాడు.

"అదీ నాదేనా? మచ్చముక్కుది నీదనుకున్నానే."

"నీదే. పోయినేడు కవలల్ని ఈనింది. పొయ్యి పక్కన పెట్టి పాలు పట్టింది నువ్వే కదా. ఏం మనిషివయ్యా, పెంచిన మొహం గుర్తుండదా?"

"చెవి చూసేవాణ్ణి," అన్నాడు రొసెందో.

చివరిది లోపలికి వెళ్లాక ఆమె తడిక మూసింది. పన్నెండు. బలిసిన పొట్టేలు ఒక్కటీ లేదు. అన్నీ ఎండిన పొట్టలతో, అయినా చూలుతో ఉన్న ఆడవే. రొసెందో వాటిని చూస్తూ బొడ్లోంచి కత్తి తీసి బొటనవేలి మీద పదును చూసుకున్నాడు.

"దారిలో పోలీసులు ఆపుతారు. చెవులు చూస్తారు. ఇలా తీసుకుపోతే నీవి ఎత్తుకుపోతున్నానంటారు. మిగిలినదాంట్లోనే కొంచెం లోపలికి పంగ కొట్టాలి."

"ఎంత మిగిలిందని కొట్టడానికి?"

"రెండు వేళ్ల మేర ఉంది. చాలు."

మచ్చముక్కుదాన్నే ముందు పట్టుకున్నాడు. తిప్పి కూర్చోబెట్టి మోకాళ్ల మధ్య ఇరికించాడు. మొండి చెవిని ఎడంచేత్తో సాగదీశాడు. అంచు ఇంకా పూర్తిగా మానలేదు, గులాబిరంగులో పలచగా మెరుస్తోంది. గొర్రె తన్నుకోలేదు. ఊపిరి మాత్రం గట్టిగా పీల్చింది.

తోర్దియా పాక ముందు ఎండలో నిలబడి ఉంది. కాళ్ల మీది గాట్లు తెల్లటి వెంట్రుకలతో మానాయి.

ఫెర్మినా తడిక దాటి చిన్నదొడ్డిలోకి వచ్చింది. అతని ముందు వంగి, గొర్రె చెవి మీద అరచెయ్యి కప్పింది. కత్తి ఆ చేతికి బెత్తెడు దూరంలో ఆగింది.

"తియ్యి," అంది.

"నువ్వే కదా నావని చెప్పావు?"

"నీవే. కాదన్లేదు. వీటి చెవుల మీద ఇంక కత్తి పడనివ్వను." లేచి చెయ్యి నడుముగుడ్డకి తుడుచుకుంది. "రేపు ఎవరిస్తో పట్నం వెళ్తున్నాడు. రేడియోలో చదవమని కబురు పంపిస్తున్నా, ఫెర్మినా అంతెమిల్ ఇంట్లో లారీ ఎక్కాల్సినవాళ్లెవరూ లేరని."